కళ్లద్దాలు తీసేద్దామనుకుంటున్నారా? ముందు కార్నియా పరీక్ష

లేజర్ ఆపరేషన్ అనగానే అందరూ లాసిక్ అనేస్తారు. అందులో కార్నియాపై పలుచని పొరను తెరిచి, లోపల లేజర్‌తో సరిచేసి, మళ్లీ మూసేస్తారు. చూపు త్వరగా కుదురుకుంటుంది. పీఆర్‌కేలో ఆ పొర కోయరు. కొన్ని రోజులు నొప్పి తప్పదు, అయినా కార్నియా పలుచగా ఉన్నవారికి తరచూ ఇదే సూచిస్తారు. స్మైల్‌లో కోత చాలా చిన్నది.

మీకు ఏది సరిపోతుందో తేల్చాల్సింది ప్యాకేజీ ధర కాదు, కార్నియా మందం, ఆకృతి పరీక్షలు. కెరటోకోనస్ ఉన్నా గుర్తించకుండా లాసిక్ చేస్తే కార్నియా ఇంకా ఉబ్బి, చూపే దెబ్బతినవచ్చు. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే పరీక్షకు ఎన్ని రోజుల ముందు మానాలో అడగండి, లేకపోతే కొలతలు తప్పుతాయి. వయసు 18 దాటాలి, ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు సిద్ధమవుతున్నారా? నోటిఫికేషన్‌లో కంటిచూపు నిబంధనలు చదివాకే డబ్బు కట్టండి.