గండికోట నుంచి కోయంబత్తూరుకు: చవక వేగం కథ

చెన్నై నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం అని ఒక ఊరుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ మిగిలిపోయింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దాన్ని రేసుల మైదానం చేసుకుంది. సంస్థానాల వారసులు జాగ్వార్లలో దిగేవాళ్లు. మామూలు కుర్రాళ్లేమో వెనక సీట్లు పీకేసి, ఇంజను హెడ్డు అరగదీయించి, సైలెన్సరు ఊడదీసిన ఫియట్లతో వచ్చేవాళ్లు. మందికి రెండూ కావాలి: రాజావారి కారు చూడ్డానికి, ఫియట్ పక్షాన కేకలు వేయడానికి.

ఆ రోజుల్లో బయటి కారు తెప్పించుకోవడం డబ్బుతో మాత్రమే అయ్యే పని కాదు. దిగుమతికి అనుమతి కావాలి, దానికి పలుకుబడి కావాలి. దేశంలో దొరికేవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్, అంతే. కాబట్టి వేగం మీద మోజున్న మధ్యతరగతి వాడికి మిగిలిన దారి ఒక్కటే, తనే చేసుకోవడం. ఈ పనిలో అందరికన్నా ముందున్న ఊరు కోయంబత్తూరు. అక్కడి లేతు మిషన్ల వెనక తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి.

జమ్మలమడుగు వైపు వాళ్లకు ఈ సంగతి కాస్త దగ్గరగా తోచాలి. ఆ పక్కనే ఉన్న గండికోటను ఏలిన పెమ్మసాని నాయకుల చేతుల్లోంచి 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను లాక్కున్నాడు. ఆ తర్వాత కొన్ని కుటుంబాలు దక్షిణానికి తరలిపోయాయని తమిళనాడులోని కమ్మనాయుళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరూ గండికోట వాళ్లేనా అంటే కాదు, విజయనగర కాలంలోనే వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, నల్లరేగడి నేలల్లో పత్తి పండించి, తర్వాత మిల్లులు పెట్టి, మిల్లులకు కావలసిన యంత్రాలూ చేయడం నేర్చారు.

వాళ్లలో జి.డి. నాయుడు (1893–1974) ఒక విచిత్రమైన మనిషి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి–పళని మధ్య సర్వీసు మొదలుపెట్టాడు, స్టీరింగు కూడా తనే పట్టాడు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు తయారుచేసి, రెండు వేల రూపాయలకు ఇవ్వొచ్చన్నాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు అక్కడే ఆగిపోయింది. అది రేసుకారేమీ కాదు. కానీ బయట కొనలేనిదాన్ని ఇక్కడే చవగ్గా చేద్దామన్న పట్టుదల ఆ ఊళ్లో నిలిచిపోయింది.

ఆ పట్టుదలను రేసుల్లోకి తెచ్చినవాడు సుందరం కరివర్ధన్. లక్ష్మీ మిల్స్ కుటుంబం వాడు, అందరికీ ‘కరి’. డబ్బుకు కొదవలేదు, తలుచుకుంటే విదేశీ కారులో దిగి పేరు తెచ్చుకోగలడు. 1980లలో విజయ్ మాల్యా చేసింది అదే. ఒకప్పుడు ఫార్ములా వన్‌లో పరుగెత్తిన ఎన్‌సైన్ కారును షోలవరంలో నడిపాడు. దాని వెనక ఫియట్లు ఎంత తొక్కినా ఏం లాభం? చూడ్డానికి పండుగే, పోటీగా మాత్రం చప్పన.

కరి ఆలోచన వేరు. మారుతి 800లోని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను తీసుకుని, ఇనుప గొట్టాల చట్రంలో బిగించి, చక్రాలు బయటికి కనపడే ఒంటి సీటు రేసుకారు చేశాడు. 1980ల చివర్లో అది ట్రాకెక్కింది. జనం నోట ఫార్ములా మారుతి అయింది. ఇంజను విడిభాగాలు సందుగొందుల్లోని షాపుల్లో కూడా దొరుకుతాయి, రిపేరు మన మెకానిక్కే చేస్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, ట్రాకు మీద అందరిదీ ఒకే రకం కారు. గెలిచినవాడు డబ్బుతో గెలిచాడని ఎవరూ అనలేరు. ఎన్‌సైన్ వేగంలో అది సగానికీ రాకపోవచ్చు. దేశానికి డ్రైవర్లను తయారుచేసింది మాత్రం ఈ బుల్లి కారే.

శ్రీపెరుంబుదూరు దగ్గర కొత్త ట్రాకు 1990లో వచ్చింది. కోయంబత్తూరులో పెరిగిన నరైన్ కార్తికేయన్ తన మొదటి రేసు అక్కడ ఫార్ములా మారుతితోనే ఆడాడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడయ్యాడు. ఆ ఏడాది ఇండియానాపోలిస్‌లో నాలుగో స్థానం కూడా దక్కింది. టైర్ల గొడవతో పద్నాలుగు కార్లు తప్పుకోగా ఆరే పరుగెత్తాయన్నది ఆ నాలుగో స్థానం వెనకున్న అసలు లెక్క.

కరి అదంతా చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 2003లో కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో కట్టిన రెండు కిలోమీటర్ల పైచిలుకు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

రోడ్డు కార్ల విషయానికొస్తే, ఇదే ఊరి రేసు డ్రైవరు జె. ఆనంద్ స్థాపించిన జయెం ఆటోమోటివ్స్ 2017లో టాటాతో కలిసింది. 2018 అక్టోబరులో టియాగో జేటీపీ వచ్చింది: 1.2 లీటర్ల టర్బో ఇంజను, 114 హార్స్‌పవర్, షోరూం ధర 6.39 లక్షలు. అప్పుడు పోర్షే 911 కొనాలంటే కోటికి పైనే పెట్టాలి. నలభై వేల డాలర్లు దాటిన బయటి కారుకు అప్పట్లో దిగుమతి సుంకమే నూటికి నూరు ఉండేది మరి. రెంటికీ పోటీ పెట్టడం అన్యాయం, ఆ మాట నిజం. కానీ గతుకుల రోడ్డు మీద, స్పీడ్ బ్రేకర్ల మధ్య, 911 శక్తిలో వాడకానికొచ్చేది ఎంతని? జేటీపీని తొక్కి నడిపితే దానిలో ఉన్న సత్తువంతా చేతికందుతుంది. అయినా అది బతకలేదు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి, అమ్మకాలు కొద్దిగా ఉన్న కారు కోసం ఇంజనును మళ్లీ తీర్చిదిద్దడం గిట్టుబాటు కాక ఆపేశారు.

చెట్టిపాళయంలో మాత్రం జాతీయ పోటీల్లో ఎల్‌జీబీ ఫార్ములా 4 కార్లు పరుగెత్తుతూనే వచ్చాయి. వాటిలో ఉన్నది కూడా మారుతి ఇంజనే, 1300 సీసీది.