బురద అంటని పరువు

మా నాయుడుపేట వైపు పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఆడపెళ్ళివారు రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. మొదటిది, "పొలం ఎంతుందండీ?" రెండోది, కాస్త గొంతు తగ్గించి, "అబ్బాయి సేద్యం చెయ్యడు గదా?" పొలం కావాలి, పొలంలో దిగే అల్లుడు మాత్రం వద్దు. అయిదెకరాల మాగాణి వుండి తెల్లారేసరికి కయ్యల్లో నిలబడే కుర్రవాడికి ముప్ఫయి అయిదేళ్ళొచ్చినా పిల్ల దొరకదు. చెన్నపట్నంలో అద్దెగదిలో వుండే చిరుద్యోగికి ఆ బాధ లేదు. ఆడపిల్లల్ని నేనేమీ అనను. వాన రాకపోతే ఎండి, వస్తే మునిగి, రెండూ కాకపోతే ధర పడిపోయే బ్రతుకులోకి ఏ తల్లి మాత్రం కూతుర్ని సంతోషంగా పంపుతుంది? కానీ ఆ రెండో ప్రశ్నలో భయం ఒక్కటే లేదు, కొంచెం చిన్నచూపు కూడా వుంది. ఆ చిన్నచూపు వయస్సెంతో చూద్దామనే ఈ నాలుగు మాటలూ.

చాలా పాతదే. మనువుకి సేద్యమంటే పడదు. ఇనపమొన వున్న కొయ్య నేలనీ, నేలలో వుండే ప్రాణుల్నీ గాయపరుస్తుందని ఆయన అభ్యంతరం. పరాశరుడు కాస్త మెత్తనివాడు. కలియుగంలో బ్రాహ్మణుడు కూడా సేద్యం చేసుకోవచ్చునన్నాడు, కాకపోతే నాగలికి ఎన్ని ఎద్దులు కట్టాలో లెక్క చెప్పి మరీ ఒప్పుకున్నాడు. జనకమహారాజు నాగలి పట్టినందుకే గదా మనకి సీతమ్మ దొరికింది, సీత అంటేనే నాగటిచాలు గదా అంటారేమో. నిజమే, కానీ ఆయన దున్నింది యజ్ఞం కోసం, ఆ పూటకి. ఏరువాక పున్నమినాడు మనం చేసేదీ అంతే. మడకకి పసుపు కుంకుమ పెట్టి దండం పెడతాం. మడక పట్టినవాడికి అరుగుమీద చాప వేస్తామా అంటే, అది వేరే సంగతి.

మన కవుల కథల్లోనూ ఇదే వుంది. పోతన మడక దున్నుకుని బ్రతికాడనీ, భాగవతాన్ని రాజుకి అంకితమివ్వలేదనీ చెప్పుకుని పొంగిపోతాం. శ్రీనాథుడి సంగతికొస్తే కథ మారిపోతుంది. కనకాభిషేకం చేయించుకున్న మహానుభావుడు చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లిలో పొలం గుత్తకు తీసుకున్నాడనీ, పంట ఏటిపాలైందనీ, ఏడువందల టంకాలు కట్టలేక నానా అవమానాలూ పడ్డాడనీ చాటువులు చెబుతాయి. అక్కడ మనం కన్నీళ్ళు పెట్టుకునేది పంట పోయినందుకు కాదు, అంతటివాడు సేద్యానికి దిగవలసి వచ్చిందే అని. ఏటా పంట పోగొట్టుకునే మామూలు రైతుమీద చాటువు కట్టినవాళ్ళు ఎందరు?

అసలు "రైతు" అన్న మాటే మనది కాదు. అరబీలోంచి వచ్చింది. అక్కడ ఆ మాటకి మొదటి అర్థం కాపరి మేపే మంద. తరువాత రాజు ఏలే ప్రజ అయింది, ఆ తరువాత శిస్తు కట్టేవాడయింది. మన దగ్గరికి వచ్చేసరికి గౌరవవాచకమే అయిపోయింది. 1928లో నెల్లూరు నుంచి మొదలైన పత్రిక "జమీన్ రైతు" అనే సగర్వంగా పేరు పెట్టుకుంది. అయితే ఆ గౌరవం పట్టా వున్నవాడితో ఆగిపోయింది. పట్టా వున్నవాడు రైతు, బురదలో వున్నవాడు కూలి. ఇద్దరూ ఒకే కయ్యలో నిలబడినా సరే.

ఇక మన ఆడవాళ్ళ సంగతి. వరిచేలో మడక, కాడి మగవాడివి. ఆడది మడక ముట్టకూడదని పెద్దల ఆంక్ష. నారు పెరకడం, నాటడం, కలుపు తియ్యడం మాత్రం ఆడవాళ్ళవి. నెల్లూరు మొలగొలుకుల అన్నం తిని లొట్టలు వేసినవాళ్ళందరూ వంగిన నడుముల చలవ తిన్నవాళ్ళే. మడక పట్టినవాడు సాలు చివర కాసేపు ఆగి నడుం నిలబెట్టుకోవచ్చు. నాటేవాళ్ళు వరస తప్పితే మేస్త్రీ ఊరుకోడు. అయినా కూలి దగ్గరికొచ్చేసరికి మగకూలికీ ఆడకూలికీ తేడా. సమాన వేతనాల చట్టం 1976లోనే వచ్చింది. చట్టం గట్టుమీద కూర్చుంది, కయ్యలోకి దిగలేదు.

మరి నాలుగెకరాలు కూడి, ఇంటిమీద మిద్దె లేచి, కాస్త పైకొచ్చిన కుటుంబం మొదట చేసేదేమిటి? ఇంటి ఆడవాళ్ళని పొలం మాన్పించడం! ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల గురించి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. అందులో కమ్మవారిలో ఒక శాఖ పేరు "ఇల్లువెళ్ళని" అని వుంది. ఇల్లు వదిలి బయటికి రాని ఆడవాళ్ళున్నవాళ్ళని అర్థం. గడప దాటకపోవడమే ఒక వంశానికి పేరైపోయిందంటే ఏమనాలి చెప్పండి! ఒక్క కులం సంగతి కాదిది. మా అత్తగారు కాపురానికొచ్చాక ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి కూడా పొలంగట్టు ఎక్కలేదని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అత్తగారు మాత్రం, పుట్టింట్లో కోతలప్పుడు కుప్పమీద కూర్చుని తిన్న చద్దన్నం రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదని మాతో అనేది. పరువు ఆయనకి దక్కింది, గాలీ వెలుతురూ ఈవిడకి తగ్గాయి.

ఇంతవరకు పైమెట్టు వాళ్ళ సంగతి. కిందిమెట్టున కూడా సేద్యానికి దూరంగా వుండిపోయినవాళ్ళు మన జిల్లాలో వున్నారు, యానాదులు. వాళ్ళ కథ చదివినకొద్దీ నాకు ఈ పరువు సంగతి మరింత తెలిసొచ్చింది.

నాయుడుపేట నుంచి సూళ్ళూరుపేట మీదుగా వెళితే పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట. ఈవేళ ఆ పేరు చెబితే రాకెట్లు గుర్తొస్తాయి. 1969లో ఆ చోటు ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో మొదటి రాకెట్ లేచింది. అంతకుముందు అది దట్టమైన అడవి, యానాదుల పుట్టిల్లు. 1835లో కంపెనీవాళ్ళు దాన్ని స్వాధీనం చేసుకునేసరికి వాళ్ళు తేనె, కుంకుడుకాయలు, చింతపండు, ఎర్రరంగుకి పనికొచ్చే చిరివేరు ఏరుకుంటూ బ్రతుకుతున్నారు. దొరలు ఆ సరుకంతా తమకే ఇచ్చేటట్టు ఏర్పాటు చేసుకున్నారు. అక్కడి వంటచెరుకు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో చెన్నపట్నం వెళ్ళేది.

మైదానంలో వున్న యానాదుల పని వేరు. వరి చేతికొచ్చే రోజుల్లో ఎలుకలు కంకులు కొరికి బొరియల్లో దాచుకుంటాయి గదా, వాటిని పట్టాలంటే యానాదినే పిలవాలి. కుండలో గడ్డి కుక్కి, నిప్పు పెట్టి, చిల్లులోంచి బొరియలోకి పొగ వూదుతాడు. ఎలుకలూ వాడివే, బొరియలో దొరికిన వడ్లూ వాడివే. మిగిలిన పంట రైతుది. ఏ పుట్టలో పామున్నదీ, ఏ నీళ్ళలో ఏ చేప తిరిగేదీ, ఏ ఆకు ఏ నొప్పికి పనికొచ్చేదీ వాళ్ళకి తెలుసు. ఇంత తెలిసినవాళ్ళకి మనం ఇచ్చిన బిరుదు "సోమరులు". కుదురుగా ఒకచోట వుండరు, సేద్యం చెయ్యమంటే చెయ్యరు, రేపటికి దాచుకోరు అని దొరలు రాసుకున్నారు, మనవాళ్ళు అరుగులమీద చెప్పుకున్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. యానాదికి సేద్యమంటే అర్థమేమిటి? సొంత కయ్య ఎవరూ ఇవ్వలేదు. సేద్యమంటే మరొకరి పొలంలో పాలేరుతనం. పెళ్ళికో చావుకో కాస్త అప్పు తీసుకుంటే అది తీరేదాకా కదలడానికి వీల్లేదు. అదెప్పుడూ తీరదు. పెద్దరైతుల ఇళ్ళలో చాకిరీకి కుదిరినవాళ్ళకి రెడ్డి యానాదులని యజమానుల పేరే అతుక్కుపోయింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. అంతవరకూ అడవిలో తిరిగేవాడు ఆకలితో వున్నా తన ఇష్టప్రకారం వున్నాడు, పొలానికి కుదిరినవాడు కట్టుగొయ్యకి కట్టినట్టున్నాడు. రెండూ చూసినవాడు సేద్యం వద్దనుకుంటే అది సోమరితనమా, తెలివా?

పైగా తిరుగుతున్నాడు కాబట్టి దొంగే అన్నారు. నేరస్థ జాతుల చట్టం కింద యానాదుల పేరు కూడా చేర్చారు. పేర్లు రాయించుకోవాలి, పోలీసుల ముందు హాజరు వెయ్యాలి. చిత్రమేమిటంటే, పల్లెల్లో పంటకి, ఊరికి కావలి పెట్టుకున్నదీ ఆ యానాదినే! ఆ చట్టం పోయేదాకా ఒకే మనిషి కాగితంమీద దొంగ, గట్టుమీద కాపలాదారు. ఈ అన్యాయం గురించి నెల్లూరు పెద్దమనిషి వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా పోట్లాడారు. 1962లో యానాదుల మీద పెద్ద పుస్తకమే రాశారు, 1973లో ఆయనకి పద్మభూషణ్ వచ్చింది.

ఇలాంటి కథే ఆఫ్రికాలో సోమాలియాలో కూడా నడిచింది. అక్కడ ఒంటెల మందలతో తిరగడమే మగతనం, గౌరవం. జుబ్బా, షెబెల్లీ నదుల ఒడ్డున పార పట్టి తవ్వేవాళ్ళంటే చులకన. తవ్వేవాళ్ళలో చాలామంది 19వ శతాబ్దంలో తూర్పు తీరాన్నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి కావడంతో, పారకీ బానిసత్వానికీ ముడిపడిపోయింది. 1974-75లో పెద్ద కరువొచ్చి మందలు చచ్చిపోతే, ప్రభుత్వం ఇంచుమించు లక్షమంది సంచారుల్ని సోవియట్ విమానాల్లో ఎక్కించి తీసుకెళ్ళి సేద్యానికీ చేపలవేటకీ కుదిర్చింది. వానలు పడగానే మగవాళ్ళు చాలామంది మందల వెంట, లేదా గల్ఫు దేశాలకి వెళ్ళిపోయారు. ఆ కొత్త ఊళ్ళలో మిగిలింది ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూనట. చదవగానే నేను ఒక్క నిట్టూర్పు విడిచాను. ఎక్కడైనా అంతే లెండి, గౌరవం లేదని మగవాడు వదిలేసిన పని ఆడదాని చేతికే వస్తుంది.

మన దగ్గరికి తిరిగొస్తే, పొలాలున్న పెద్దవాళ్ళు చాలామంది పట్నాల్లో వున్నారు. దున్నేది కౌలురైతు. పాసుపుస్తకం ఒకరిది, బురద మరొకరిది. కౌలుదార్ల కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చాయి. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలై, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకే కూలి రేటు అనేసరికి, "కూలీలు సోమరులైపోయారండీ" అన్న మాట ఊరూరా వినిపించింది. యానాదుల్ని అన్న మాటే ఇది! ఎకరాలుండి పొలం మొహం చూడనివాడికి ఆ పేరు ఎవరూ పెట్టగా నేను వినలేదు. ఈమధ్య బీహారు, బెంగాలుల నుంచి మగకూలీలు జట్లుగా వచ్చి ఎకరానికింతని గుత్తకు మాట్లాడుకుని నాట్లు వేస్తున్నారు. తరతరాలుగా ఆడవాళ్ళ పని అన్నది మగవాడి పనైంది, అదీ గుత్త బేరం మీద.

మా వీధి చివర ఒకావిడ వుంది, ఇప్పటికీ నాట్లకి వెళుతుంది. ఆమె కూతురు మేనకూరు ఫ్యాక్టరీ బస్సెక్కుతుంది, మెళ్ళో గుర్తింపు కార్డు వేసుకుని. "పిల్లకి నాటు నేర్పావా?" అని అడిగాను మొన్న. "ఎందుకమ్మా, కాళ్ళు పాచిపోతాయి గదా" అంది. కాస్సేపుండి, "వరసంటే నాదేనమ్మా, చూస్తే గీత గీసినట్టుంటుంది. అదొక్కటీ దానికి చూపించాలని వుంది, ఆదివారం వస్తే తీసుకెళ్తా" అంది.