చెరువు గండి నుంచి విషపు బావి దాకా

మన భాషలో ‘పరిహారం’ అనే మాటకు విచిత్రమైన చరిత్ర ఉంది. నరసరావుపేట దగ్గర దొరికిన మైదవోలు రాగిరేకుల్లో (పల్లవ శివస్కందవర్మ యువరాజుగా ఉన్నప్పుడు ఇచ్చిన ప్రాకృత దానశాసనమది) పరిహారాలంటే మినహాయింపులు. దానమిచ్చిన ఊళ్ళో రాజు మనుషులు ఉప్పు తవ్వరాదు, భటులు అడుగుపెట్టరాదు. తర్వాతి శాసనాల్లోనూ ‘సర్వపరిహారం’గా ఇచ్చిన భూమి అంటే ఏ పన్నూ లేని భూమి. ఇవాళ పత్రికల్లో ‘నష్టపరిహారం’ అన్న మాట కనిపించినప్పుడల్లా, తెలుగు పంతుల్ని కనక, నాకు ముందు ఈ పాత అర్థమే తోస్తుంది. ఒక ఫ్యాక్టరీ ఒక వాగును పాడుచేస్తుంది. ఒడ్డునున్న రైతులకు ఎకరానికింత అని లెక్కగట్టి ఇస్తుంది. ఇచ్చినవాడికి అది అక్షరాలా మినహాయింపే. పుచ్చుకున్నవాడికి ఆ డబ్బు రెండు పంటకాలాల్లో అయిపోతుంది. వాగు మాత్రం విషంతోనే పారుతూ ఉంటుంది.

మరి ఆ వాగును మళ్ళీ వాగుగా చేయవలసిన బాధ్యత ఎవరిది? చట్టం ఈ ప్రశ్నను ఎప్పుడు వేసుకుంది, ఎప్పుడు మర్చిపోయింది, మళ్ళీ ఎప్పుడు గుర్తుచేసుకుంది అన్నదే ఈ వ్యాసంలో నేను చూడదలచింది. సాహిత్యపత్రికలో చట్టాల గొడవ దేనికని అడిగే మిత్రులుంటారు. మన పాతవాళ్ళు సప్తసంతానాల్లో కావ్యాన్నీ తటాకాన్నీ ఒకే వరసలో పెట్టారు. కావ్యం సంగతి మనం ఎంతో మాట్లాడుకున్నాం. రెండోదాని సంగతి కొంచెం మాట్లాడుకోవడంలో తప్పులేదు.

పాతకాలంలో నీటికి జరిగే అపచారం ఒక్కటే: నీరు పోవడం. గండి కొట్టినా, కట్ట తెగినా నీరు పోతుంది. చెరువు తెగగొట్టినవాణ్ణి నీళ్ళలో ముంచి చంపమన్నాడు మనువు. ఆ వెంటనే, వాడే దాన్ని తిరిగి బాగుచేస్తే పెద్ద జరిమానాతో విడిచిపెట్టవచ్చునన్నాడు. ఇందుకు మనువును పొగడనక్కర్లేదు. ఆ స్మృతి ఎవరి నీళ్ళు ఎవరు ముట్టరాదన్నదో మనకు తెలుసు. అయినా చెడగొట్టినవాడే బాగుచెయ్యాలన్న సూత్రం అక్కడ ఉందన్నది చరిత్ర. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలూ, చెడ్డచెరువుకు ఆరు దోషాలూ చెప్పింది. కట్ట కారడం దోషం, నేల చవుడు కావడం దోషం, రెండు రాజ్యాల సరిహద్దులో పడటం దోషం. ఉన్న నీరు ఉన్నచోటనే ఉండి మనిషి చేతిమీదుగా పనికిరాకుండా పోవడమనే దోషం ఆ కవికి ఊహకైనా అందలేదు. అందకపోవడం సహజం. అది ఇంకా ఆరేడు వందల ఏళ్ళకు పుట్టబోయే దోషం.

చెరువు బాగోగులకు దశబంధం మాన్యాలుండేవి. మరమ్మతు చేసే షరతు మీద భూమి ఫలసాయంలో వాటా అనుభవించడం అన్నమాట. ఆ మాన్యం అనుభవించినవాడు ఒకడు, వేసవిలో పూడిక ఎత్తినవాడు మరొకడు. పూడిక ఎత్తింది చాలాచోట్ల వెట్టిచేతులే. కనక పాతవ్యవస్థను బంగారుకాలమని పాడటం మన పని కాదు. కాని బాధ్యత అనేది భూమిని అనుభవించే హక్కుకు ముడిపడి ఉండేదన్న ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ముందుకు పోవడానికి అది పనికొస్తుంది.

ఇంగ్లండులో 1868లో ప్రభువుల సభ ఒక తీర్పు చెప్పింది. న్యాయశాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలిసిన రైలాండ్స్ - ఫ్లెచర్ దావా అది. లాంకషైరులో ఒక మిల్లు యజమాని జలాశయం కట్టుకుంటే ఆ నీరు పాడుబడ్డ సొరంగాల గుండా పక్కవాడి బొగ్గుగనిలోకి దూకింది. ప్రమాదకరమైనదాన్ని తన భూమి మీదికి తెచ్చి నిలవచేసినవాడు, అది తప్పించుకుపోయి చేసే నష్టానికి తన పొరపాటు లేకపోయినా బాధ్యుడే అని తేల్చారు. ఇద్దరు ఆస్తిపరుల మధ్య తగాదా అది. నీరు అందులో నేరస్థురాలు!

ఆ సూత్రం ఆరేళ్ళలో తెలుగునేల మీదికి వచ్చింది. కార్వేటినగరం జమీందారీలో రెండు చెరువులు వానలకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ దారినీ వంతెనల్నీ కొట్టుకుపోయాయి. కంపెనీ జమీందారు మీద దావా వేసింది. రైలాండ్స్ సూత్రం చూపించింది. చివరికి 1874లో లండన్ ప్రీవీ కౌన్సిల్ కంపెనీ వాదాన్ని తోసిపుచ్చింది. కారణం చూడండి: ఈ చెరువులు జమీందారు సొంతానికి తెచ్చిపెట్టుకున్నవి కావు, అనాదిగా ఉన్నవి, వేలమంది బతుకు వాటిమీద ఉంది, వాటిని తీసేసే అధికారం అతనికి లేదు, తన భూమిహక్కు కారణంగానే వాటిని కాపాడి మరమ్మతు చేయవలసిన విధి అతనిమీద ఉంది. గెలిచింది జమీందారే, నిజమే. అటు జమీందారు, ఇటు రైలుకంపెనీ, నడుమ రైతులు ఎక్కడా కక్షిదారులు కారు. ఐనా వలసపాలకుల అత్యున్నత న్యాయస్థానం, తెలియకుండానే, దశబంధపు భావాన్ని తన భాషలో తిరిగి చెప్పింది. అనుభవించేవాడికి కాపాడే విధి ఉంది. నూరేళ్ళ తర్వాత కర్మాగారం నేలనూ నీటినీ అనుభవించడం మొదలుపెట్టినప్పుడు, జమీందారుకున్న ఆ విధిని ఫ్యాక్టరీ యజమానికి తగిలించాలని మనవాళ్ళకు చప్పున తోచలేదు. 1974 నాటి నీటికాలుష్య చట్టం ప్రధానంగా అనుమతుల చట్టం, మండళ్ళ చట్టం, శిక్షల చట్టం.

తోచడానికి భోపాల్ కావలసివచ్చింది. 1984 డిసెంబరు మారణకాండ జరిగిన ఏడాదికి ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకయింది. ఆ కేసులో 1986 డిసెంబరులో భగవతి నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తులు రైలాండ్స్ మినహాయింపులన్నీ పక్కనపెట్టి, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడిది సంపూర్ణ బాధ్యత అన్నారు. పెద్ద అడుగే. కాని ఆ బాధ్యత కూడా మనుషులకు ఇచ్చే పరిహారం వరకే ఆలోచించింది.

1989వ సంవత్సరం నాకు ఈ చరిత్రలో మలుపుగా కనిపిస్తుంది. ఆ ఫిబ్రవరిలో భోపాల్ కేసు 47 కోట్ల డాలర్లకు రాజీ అయింది. చచ్చినవాళ్ళకూ బతికి చచ్చినవాళ్ళకూ తలకింత అని తేలింది. కార్ఖానా ఆవరణలోని మట్టీ, దాని కింది నీరూ ఆ లెక్కలో లేవు. అక్కడ పోగుపడి ఉన్న 337 టన్నుల విషవ్యర్థాన్ని ఆవరణ దాటించడానికి 2025 జనవరి దాకా పట్టింది. అదే 1989లో అమెరికాలో ఒక అప్పీలు కోర్టు ముందుకు ఇంకో లెక్క వచ్చింది. అక్కడి 1980 నాటి చట్టం ప్రభుత్వాల్ని ప్రకృతి వనరులకు ధర్మకర్తలుగా చేసి, వసూలైన సొమ్మును వాటి పునరుద్ధరణకే వాడాలంది. ప్రభుత్వశాఖ చేసిన నియమం మాత్రం బాగుచేసే ఖర్చు, తగ్గిన ఉపయోగపు విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే చాలంది. కోర్టు ఆ నియమం కొట్టేసింది. ఆ లెక్కన సీల్ అనే సముద్రజంతువుల గుంపు మొత్తం చచ్చినా, తలకు 15 డాలర్ల చర్మం ఖరీదు కట్టి చేతులు దులుపుకోవచ్చునని తీర్పులోనే ఎత్తిచూపింది. సరుకుగా మారితే తప్ప దేనికీ విలువలేదనే వ్యవస్థ గుట్టు ఆ వ్యవస్థ కోర్టులోనే బయటపడటం చమత్కారం.

అదే ఏడు మన సుప్రీంకోర్టుకు బిచ్ఛడీ అనే ఊరు చేరింది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర చిన్న ఊరు. అద్దకపు రంగులకు వాడే హెచ్-ఆమ్లం తయారుచేసే కార్ఖానాలు అక్కడ సరైన అనుమతులు లేకుండానే వెలిశాయి. సరుకంతా ఎగుమతికే. రంగు పరదేశానికి, మడ్డి ఊరికి. తయారైన ఆమ్లం 375 టన్నులు. దానితోపాటు పుట్టిన మడ్డి సుమారు 2,400 టన్నులు. టన్ను సరుక్కి ఆరు టన్నుల పైచిలుకు విషం! ఆ మడ్డిని ఆవరణలోనే ఆరుబయట కుప్పపోశారు. వానకు అది నేలలోకి ఇంకింది. బావుల్లో నీరు నల్లబడి, తాగడానికీ గొడ్లకు పెట్టడానికీ చేలకు తోడటానికీ పనికిరాకుండాపోయింది. ఊరు తిరగబడింది. ప్రభుత్వం 144వ సెక్షన్ పెట్టింది. 1989 జనవరికి తయారీ ఆగింది. అంటే ఫ్యాక్టరీ మూతపడి, నష్టం మాత్రం భూగర్భంలో పనిచేస్తూనే ఉంది. ఇది పాతకాలపు గండి లాంటిది కాదు. గండి పూడ్చినరోజున చెరువు మళ్ళీ నిండటం మొదలవుతుంది. ఇక్కడ విషం నేల అడుగున ఎటు కదులుతుందో చూసేందుకే నాగపూర్ నుంచి శాస్త్రజ్ఞులు రావలసివచ్చింది.

1996 ఫిబ్రవరి 13న తీర్పు చెప్పింది మన తెలుగువాడు, జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డి. రైలాండ్స్‌నుంచి ఓలియం దాకా వచ్చిన దారినంతా ఆయన అందులో నడిచి చూశారు. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రంలో మూల్యమంటే బాధితులకిచ్చే పరిహారం ఒక్కటే కాదనీ, చెడిన పర్యావరణాన్ని తిరిగి బాగుచేసే ఖర్చు కూడాననీ స్థిరపరిచారు. 1986 నాటి పర్యావరణ చట్టం కింద కేంద్రప్రభుత్వమే ఆ పని చేయించి సొమ్ము వసూలు చేయవచ్చునన్నారు. కంపెనీల ఆస్తులు జప్తు చేయమన్నారు. అదే ఏడు ఆగస్టులో వెల్లూరు తోళ్ళ కర్మాగారాల కేసు ఈ మాటనే ఖాయం చేసింది. మనువు అన్న ‘బాగుచేస్తే’ అనే మాటా, ప్రీవీ కౌన్సిల్ అన్న ‘మరమ్మతు విధి’ అనే మాటా పెట్టుబడిదారుడి తలుపు తట్టడానికి ఇంతకాలం పట్టింది.

బిచ్ఛడీ నేలనూ నీటినీ బాగుచేయడానికి 37 కోట్ల 38 లక్షల 50 వేల రూపాయలవుతుందని 1997లో లెక్క తేలింది. ఆ తర్వాత కథ న్యాయశాస్త్రం కంటె మన కోర్టు నవలలకు దగ్గరగా ఉంటుంది. దరఖాస్తు మీద దరఖాస్తు పడింది. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఇక చాలని, 1997 నవంబరు నుంచి 12 శాతం చక్రవడ్డీతో కట్టమని మళ్ళీ ఆదేశించవలసివచ్చింది. తీర్పు వచ్చి అప్పటికి 15 ఏళ్ళు. 1996లో పుట్టిన పిల్లవాడు పదో తరగతి పరీక్ష రాసే వయసు.

ఈ సందర్భంలో మన కవిత్వం గురించి ఒక మాట అనకుండా ఉండలేను. కాలుష్యం మీద మనవాళ్ళు రాస్తున్న పద్యాలు చాలావాటిలో నది తల్లి, తల్లికి జబ్బు, కొడుకులమైన మనందరం నేరస్థులం. ‘మనందరం’ అనగానే ముద్దాయి తప్పించుకుపోయాడు. 375 టన్నులు అమ్ముకున్నవాడూ, బావిలో బొక్కెన వేసి నల్లనీళ్ళు తోడుకున్న ఆడమనిషీ ఒకే బోనులో నిలబడతారు. కోర్టు సైతం పేర్లు పెట్టి చెప్పగలిగినదాన్ని కవి సర్వనామంలో ముంచేయడం కరుణ అనిపించుకోదు.

2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. దాని 15వ సెక్షన్‌లో బాధితులకు పరిహారం, ఆస్తుల పునరుద్ధరణ, పర్యావరణ పునరుద్ధరణ అని మూడూ విడివిడిగా రాశారు. సంతోషించదగ్గదే. అందులోనే మరో మాటా ఉంది: నష్టానికి కారణం మొదట తలెత్తిన నాటినుంచి అయిదేళ్ళలోపు అర్జీ పెట్టుకోవాలి. నేల కింది నీటికి గడువుల సంగతి తెలియదు. ఈరోజు ఇంకిన విషం పదేళ్ళకు పక్క ఊరి బావిలో తేలితే, ‘మొదట’ అనేది ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలన్నది రైతు ప్లీడరును అడిగి తెలుసుకోవలసిన సంగతి.

మన ఇంటిదగ్గరి నక్కవాగు కథా ఈ కాలంలోనిదే. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు ఆ వాగులో పడి మంజీరకు చేరేది. బిచ్ఛడీ కోసం పోరాడిన సంస్థే 1990లో ఈ వాగు కోసం కూడా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. స్థానికంగా డాక్టర్ కిషన్‌రావు వంటివారు ఏళ్ళ తరబడి ఆ పోరాటం మోశారు. కోర్టు ఉత్తర్వులతో రైతులకు నష్టపరిహారం అందింది. ఉమ్మడి శుద్ధికేంద్రాలు వచ్చాయి. ఆ శుద్ధిచేసిన నీటిని వాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల పైపులైను వేసి హైదరాబాదు మురుగుతో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు జరిగింది. అక్కణ్ణుంచి మూసీలోకి. మూసీ దిగువన నల్లగొండ వైపు వరిచేలున్నాయి. వాడపల్లి దగ్గర అది కృష్ణలో కలుస్తుంది.