పేరు లేనోళ్ల చరిత్ర

మూసారాంబాగ్ పేరు ఫ్రెంచి సేనాని రేమండ్‌ది. నిజాం కొలువు చేసి 1798లో చనిపోయిండు. గుట్ట మీద ఆయన సమాధి ఇంకా ఉంది. ఆ రాళ్లు మోసినోళ్ల పేర్లేవి?

చెప్పులు కుట్టే మా తాతకు ఊళ్లె గుంటెడు భూమి లేదు. అందుకే మా అయ్య మూసీ ఒడ్డుకొచ్చి గుడిసె ఏసిండు. పేదరికానికి సోమరితనం కారణమంటరు. కాదు. పుట్టుకను బట్టి పనినీ, భూమినీ పంచిన కులమే దాని తల్లివేరు.

2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద ప్రపంచ సభ జరిగితే మనోళ్లు కులం సంగతి అక్కడిదాక తీస్కపోయిండ్రు. భారత ప్రభుత్వం అడ్డుపడ్డది. రోగం పేరే చెప్పనియ్యకుంటే మందెట్ల దొరుకుతది?

భాగ్యరెడ్డి వర్మ 1906లో ఈ నగరంలోనే జగన్మిత్ర మండలి పెట్టి, తర్వాత మన పిల్లలకు బడులు తెరిచారు. బడి సగం మందే. మిగతా సగం భూమి. పట్టా మీద మన పేరెక్కేదాక కొట్లాడాల్సిందే.