తమ్మిడికుంట పక్కన ఆ శనివారం

2024 ఆగస్టు 24. శ్రావణ శనివారం. సెలవు రోజు కావడంతో హైటెక్ సిటీ ఇంకా బద్ధకంగా ఒళ్ళు విరుచుకుంటోంది. మాదాపూర్‌లో ఎన్-కన్వెన్షన్ గేటు ముందు ఆగినవి పెళ్ళివారి కార్లు కావు. పోలీసు వాహనాలు. వాటి వెనకాలే పొక్లెయిన్లు.

ఇనప చెయ్యి పైకి లేచింది. రేకు చిరిగింది. అద్దం భళ్ళున రాలింది. సినిమావాళ్ళ ఫంక్షన్లకీ, శ్రీమంతుల పెళ్ళిళ్లకీ వెలుగులు చిమ్మిన హాలు తెల్లటి దుమ్ములో ఒక్కో పొరా కిందికి జారుతుంటే, అవతల తమ్మిడికుంట మీదుగా వచ్చే తేమగాలి ఆ దుమ్మునంతా రోడ్డు మీదికి ఊదింది. కూలుస్తున్నది చెరువుల ఆక్రమణలు తొలగించేందుకు ప్రభుత్వం పెట్టిన సంస్థ హైడ్రా. పుట్టి నెల దాటిందంతే. కూలుతున్నది ఎవరిదో తెలిశాక నగరం నోరెళ్ళబెట్టింది.

నటుడు అక్కినేని నాగార్జునది.

ఆయన తండ్రి కథ మొదలైంది రాతిగుట్టల్లో. మద్రాసు వదిలొచ్చిన నాగేశ్వరరావు 22 ఎకరాల్లో కట్టిన అన్నపూర్ణ స్టూడియోను 1976లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. తర్వాత ఫిల్మ్‌నగర్ లేచింది, జూబ్లీహిల్స్ నిండింది. 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్ళు పగిలిపోయాయి. అప్పట్లో అడిగినవాళ్ళు తక్కువ. రాయికి ఎఫ్‌టీఎల్ ఉండదు కదా! చెరువుకు ఉంటుంది. నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుందో చెప్పే గీత అది. అసలు తగవంతా ఆ గీత దగ్గరే.

ఎఫ్‌టీఎల్‌లో 1 ఎకరం 12 గుంటలు, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్‌లో 2 ఎకరాల 18 గుంటలు ఆక్రమించారని హైడ్రా లెక్క. అది పట్టా భూమి, చెరువులో అంగుళం కూడా ఆక్రమించలేదు, నోటీసే ఇవ్వలేదు, కోర్టు తనకు వ్యతిరేకంగా చెబితే తానే కూల్చేవాడినని నాగార్జున వాదన. ఆయన హైకోర్టు తలుపు తట్టారు. అదే రోజు కూల్చివేత ఆపమంటూ స్టే వచ్చింది.

అప్పటికి ఆపడానికి ఏం మిగల్లేదు.

యంత్రాలు వెళ్ళిపోయాయి. వాదోపవాదాలు మాత్రం టీవీల్లో రోజుల తరబడి సాగాయి. చిన్నవాళ్ళ గుడిసెలకూ పెద్దవాళ్ళ హాళ్ళకూ ఒకే కొలబద్ద ఉందా అన్న ప్రశ్న ఎవరికి వారే వేసుకున్నారు. కుంటలో పూడిక తీసే పని మొదలైంది. 2025 జూన్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక సభలో ఓ మాట చెప్పారు. చెరువు అభివృద్ధి కోసం నాగార్జునే ముందుకొచ్చి 2 ఎకరాలు అప్పగించారని.