శామీర్‌పేట: క్షేత్ర పరిశోధన, ఫొటో స్లైడ్లు

హైదరాబాద్‌కు ఉత్తరాన, మేడ్చల్ దగ్గరి శామీర్‌పేట భారతీయ మానవశాస్త్రంలో చెరగని పేరు. మానవశాస్త్రవేత్త శ్యామా చరణ్ దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో 1951-52లో ఇక్కడి కులాలను, కుటుంబాలను, పండుగలను పరిశీలించి రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడింది. ఒకే ఊరిని అంత సమగ్రంగా చూపిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ఆ తరం క్షేత్ర పరిశోధకులకు అందివచ్చిన సాధనం 35 మి.మీ. రంగుల స్లైడ్: రెండంగుళాల చట్రంలో బిగించిన పాజిటివ్ ఫిల్మ్. ప్రొజెక్టర్‌లో పెడితే తరగతి మొత్తం చూడొచ్చు. నేరస్థల పరిశోధనలోనూ ఇదే వాడారు. అక్కడ దొరికిన ఎముకను ఫొటో తీసేటప్పుడు పక్కన కొలబద్ద పెట్టకపోతే దాని పరిమాణం తెలియదు. ఈ రెండు రకాల స్లైడ్లకూ ప్రాణం చట్రం మీద రాసే తేదీ, స్థలం, వరుససంఖ్య. అవి లేని స్లైడ్ బలహీనమైన సాక్ష్యమే. తేమకు బూజు పడుతుంది, వెలుతురుకు రంగు వెలుస్తుంది. మీ ఇంట్లో పాత స్లైడ్ల పెట్టె ఉంటే పారేయకండి. వివరాలు రాసి, చల్లని పొడిచోట దాచండి.