గవర్నర్ పోయి డబ్బా వచ్చిన కథ

రైలింజన్లు కట్టే ఆల్కో కంపెనీ 1969లో మూతపడింది. అమెరికాలో స్కెనెక్టడీ అనే ఊళ్లో ఆవిరి ఇంజన్ల కాలం నుంచీ ఉన్న ఫ్యాక్టరీ అది. డిజైన్లు కెనడాలో మాంట్రియల్ లోకోమోటివ్ వర్క్స్‌కి వెళ్లాయి. ఆల్కో 251 ఇంజను మాత్రం అప్పటికే మనదైపోయింది. వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ 1964 నుంచి ఆ ఇంజను పెట్టిన లోకోలను డబ్ల్యూడీఎం-2 పేరుతో వరసపెట్టి కడుతూ వచ్చింది. కన్నవాళ్లు పోయాక కూడా ఆ ఇంజను మన పట్టాల మీద దశాబ్దాలు బతికింది. హార్స్‌పవర్ పెంచాలన్నా, నల్లపొగ తగ్గించాలన్నా, ఇంజను వేగాన్ని అదుపు చేసే గవర్నర్ తీసి ఇంకోటి బిగించాలన్నా ఇక్కడివాళ్లే తలలు పట్టుకోవాలి. టర్బో ఇంజనుకి బయటి కంప్యూటర్ ఏది కొనాలా అని ఇప్పుడు కారు కుర్రాళ్లు కొట్టుకుంటున్నారే, ఆ పని మన విశాఖలో మర్రిపాలెం పక్కన, డీజిల్ షెడ్డులో, వాళ్లు పుట్టకముందే మొదలైంది. నేను ఆ షెడ్డులో గవర్నర్ బెంచి దగ్గర పనిచేసి రిటైరయినవాణ్ణి. కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

షెడ్డు 1965లో పెట్టారు. ఎందుకు పెట్టారో ఊళ్లో పాతవాళ్లందరికీ తెలుసు. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వాలి, మన పోర్టు నుంచి జపాన్ పంపాలి. మధ్యలో తూర్పు కనుమలున్నాయి. ఆ కొండల మీదుగా కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేసిన లైనే కేకే లైను. 58 సొరంగాలు, 60 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కే వాలు, పైన సుమారు 997 మీటర్ల ఎత్తులో శిమిలిగుడ స్టేషను. ఖాళీ వ్యాగన్లు పైకి, నిండు వ్యాగన్లు కిందికి. ఒక్క లోకో చాలదు. మూడు డబ్ల్యూడీఎం-2లు కలిపి కట్టేవారు.

ఒక్కో దానిలో 16 సిలిండర్లు. పిస్టన్ వ్యాసం 228 మిల్లీమీటర్లు, అంటే మా ఇంటి అన్నం కంచం సైజు. ఊరికే తిరిగితే నిమిషానికి 400 చుట్లు, పూర్తిగా లాగితే 1000. ఆ 1000 దగ్గర 2600 హార్స్‌పవర్. మధ్యలో డ్రైవర్ హ్యాండిల్‌కి ఎనిమిది మెట్లు, వాటినే నాచ్‌లంటాం, ఒక్కో నాచ్‌కి ఇంచుమించు 85 చుట్లు పెరుగుతాయి. ఇక్కడ బయటివాళ్లు పొరబడే సంగతి ఒకటుంది. డ్రైవర్ హ్యాండిల్ తిప్పితే నేరుగా డీజిల్ పెరగదు. ఫలానా చుట్లు కావాలని అతను గవర్నర్‌కి చెబుతాడంతే. ఎంత డీజిల్ ఇవ్వాలో తేల్చుకునేది గవర్నరే.

ఈ గవర్నర్ అనే జీవి చాలా పాతది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి ఇంజనుకి రెండు గుండ్లు తగిలించాడు. వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుంటాయి, ఆవిరి తగ్గుతుంది. 1870లో అమెరికాలో ఏమస్ వుడ్‌వర్డ్ నీటి చక్రాలకు గవర్నర్ చేశాడు. ఆయన పేరు మీద నిలిచిన కంపెనీ గవర్నర్లే మా షెడ్డులో సగం బతుకు. వుడ్‌వర్డ్ గవర్నర్ మూత తీస్తే లోపల తిరిగే బరువులు, వాటి మీద స్ప్రింగు, చుట్టూ నూనె. నాచ్ సంగతి చెప్పడానికి ఏవీ, బీవీ, సీవీ, డీవీ అని నాలుగు సోలినాయిడ్లు. ఏ నాచ్‌లో ఏవి పనిచేయాలో కొత్తగా చేరిన కుర్రాడి చేత ఎక్కం అప్పజెప్పించినట్టు అప్పజెప్పించేవాళ్లం. నూనె మట్టం చూడటానికి చిన్న గాజు గొట్టం. లూబ్ ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఒక బటన్ బయటికి పొడుచుకొచ్చి ఇంజనుని ఆపేస్తుంది, దాన్ని చేత్తో లోపలికి నొక్కితే తప్ప మళ్లీ స్టార్ట్ కాదు. కరెంటూ, కంప్యూటరూ ఏవీ లేకుండా ఇంజను ప్రాణం కాపాడే ఏర్పాటు అది.

రెండో రకం జీఈ గవర్నర్. దీనికి తిరిగే బరువులు లేవు. టాకో జనరేటర్ ఇచ్చే వోల్టేజి చూసి వేగం తెలుసుకుంటుంది. కంట్రోల్ యూనిట్ ఒకచోట, ఇంజను మీద డీజిల్ ఎంత వెళ్లాలో సర్దే ర్యాక్‌ని కదిపే యాక్చువేటర్ ఇంకోచోట. చూసే కన్నూ చేసే చెయ్యీ విడిపోయాయన్నమాట. తర్వాత వచ్చిన కంప్యూటర్లకు దారి వేసింది ఇదేనని నా లెక్క. షెడ్డులో వుడ్‌వర్డ్ పార్టీ, జీఈ పార్టీ అని రెండు ఉండేవి. నేను వుడ్‌వర్డ్ వాణ్ణి. కారణం సులువు: అది చెడితే చెవికి తెలిసేది. ఇంజను ఒకచోట నిలవక లేస్తూ పడుతూ ఉంటే హంటింగ్ అంటాం. నీడిల్ వాల్వు వదులు చేసి, లోపలి గాలి పోనిచ్చి, మళ్లీ కొద్దికొద్దిగా బిగిస్తూ వింటూ ఉండాలి. ఎక్కువ బిగిస్తే మందగిస్తుంది, తక్కువైతే మళ్లీ ఊగుతుంది. ఇవాళ ల్యాప్‌టాప్ మీద అంకెలు మార్చి చేసే ట్యూనింగు అంతా ఈ స్క్రూ తిప్పుడే.

అసలు చిక్కు టర్బోతో వస్తుంది. పొగ గొట్టంలోకి పోయే వేడి గాలితోనే చక్రం తిప్పి, ఆ చక్రంతో బయటి గాలిని లోపలికి దట్టించొచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన గొప్పదే, కానీ చక్రం వేగం అందుకోవడానికి టైం పడుతుంది. డ్రైవర్ ఒక్కసారిగా నాచ్‌లు పెంచితే డీజిల్ ముందు వెళ్తుంది, గాలి తర్వాత వస్తుంది. ఆ మధ్య సందులో పడేదే నల్లపొగ. సొరంగంలో అది ఎలా ఉంటుందో లోకో నడిపినవాణ్ణి అడగండి, నన్నడక్కండి. అందుకే డ్రైవర్ ముందు బూస్టర్ ఎయిర్ ప్రెషర్ గేజి పెట్టారు. ఇంజను సత్తువ ఎంతో ఆ ముల్లు చెబుతుంది. ఇంకో కిటుకు కూడా ఉండేది. డీజిల్ మరీ ఎక్కువ అడుగుతోందని గవర్నర్‌కి అనిపిస్తే జనరేటర్ ఎక్సైటేషన్ తగ్గించి ఇంజను నెత్తిన బరువే తగ్గించేస్తుంది. రోడ్డు మీద కారుకి ఈ భాగ్యం లేదు. గేరు పడ్డాక అటు బండీ, ఇటు రోడ్డూ, మధ్యలో ఇంజను.

1980ల మొదట్లో కేకే లైనుకి కరెంటు వచ్చేసింది. డీజిళ్లు ఆ కొండ దిగి మిగతా లైన్లకు చెదిరిపోయాయి. 1987-88లో ఆ లైను కోసం స్వీడన్ ఆసియా (ASEA) కంపెనీ నుంచి ఆరు, జపాన్ హిటాచీ నుంచి రెండు రకాలు ఆరేసి, థైరిస్టర్ ఎలక్ట్రిక్ లోకోలు వాల్తేరు వచ్చాయి. మన ఖనిజం తీసుకెళ్లే దేశం, ఆ ఖనిజం మోసే ఇంజన్లు పంపింది. ఎలక్ట్రానిక్స్ అంటే ఏమిటో మా వాళ్లు మొదట తొంగిచూసింది అక్కడే. పక్క ఎలక్ట్రిక్ షెడ్డు వాళ్లు ఎలక్ట్రానిక్ కార్డులు మార్చి బాగుచేస్తుంటే, నూనె చేతులతో నిలబడి చూశాం.

మా వంతు 1994 తర్వాత వచ్చింది. ఆ ఏడాది వారణాసి అదే 251 ఇంజనులోంచి 3100 హార్స్‌పవర్ తీసి చూపించింది. పాత టర్బో దీనికి చాలదు. ఏబీబీ, నేపియర్, హిస్పానో-సూయిజా, జీఈ – ఇన్ని రకాల టర్బోలు ఆల్కోల మీదికి వచ్చాయి. గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్ పెద్దదైంది. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్టేజ్-2 మాడిఫికేషన్. టర్బో మార్చాక పాత గవర్నర్ సర్దుబాటుతో సరిపెట్టుకోలేం. గాలి ఎంత వచ్చిందో చూసి డీజిల్ ఇచ్చేవాడు కావాలి. అలా వచ్చింది మైక్రోప్రాసెసర్ గవర్నర్. షెడ్డులో అందరూ ఎంసీబీజీ అనేవారు, ఇంట్లో చెప్పేటప్పుడు డబ్బా అనేవారు. స్పీడు, బూస్టర్ ఎయిర్ ప్రెషర్, లూబ్ ఆయిల్ ప్రెషర్ అన్నీ సెన్సర్లతో చదివి ర్యాక్‌ని కదుపుతుంది. లోకో మొత్తాన్ని చూసుకునే మైక్రోప్రాసెసర్ కంట్రోలు సిస్టమ్‌లూ వచ్చాయి. వీటిలో పేరు గడించింది మన హైదరాబాదు కంపెనీ మేధా సర్వో డ్రైవ్స్. అమెరికా ఇంజనుకి తెలుగునేల మీద చేసిన బుర్ర తగిలించడం చూసి నాకు గర్వమే కలిగింది, బయటికి అనలేదు గానీ.

డబ్బా కొనేది మేం కాదు. లక్నోలో రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ స్పెసిఫికేషన్ రాస్తుంది, కొన్ని లోకోల మీద ట్రయల్ వేస్తుంది, ఆపైన ఆర్డరు. కానీ ట్రయల్ రిపోర్టులో షెడ్డు మాట ఉంటుంది. మేం అడిగేవి ఎవరికైనా పనికొస్తాయి. ఒక సెన్సర్ చస్తే ఇది బండిని ఆపేస్తుందా, తక్కువ నాచ్‌తోనైనా ఇంటికి తెస్తుందా? తప్పు జరిగితే రాసి పెట్టుకుంటుందా, రాసింది మాకు చదవనిస్తుందా, లేక కంపెనీ మనిషే రావాలా? ఇంజను అదుపు తప్పి పరుగెత్తితే కోసేసే ఓవర్‌స్పీడ్ ట్రిప్ దీని చేతుల్లో ఉందా, విడిగా ఉందా? మెకానికల్ ట్రిప్ విడిగానే ఉండాలని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. చూసేవాడూ కోసేవాడూ ఒకడే కాకూడదు.

నాలుగోది విశాఖ ప్రశ్న. సముద్రం ఉప్పుగాలి, పోర్టు నుంచి ఖనిజపు దుమ్ము, బొగ్గు దుమ్ము. ఈ ఊళ్లో ఏ డబ్బా అయినా లోపలి చిప్ వల్ల చెడటం తక్కువ. కనెక్టర్ పిన్నుకి పచ్చటి చిలుము పడుతుంది, సెన్సర్ అబద్ధం చెబుతుంది, డబ్బా దాన్ని నిజమని నమ్ముతుంది. వుడ్‌వర్డ్‌కి ఈ బాధ లేదు, నూనెలో ములిగి ఉంటుంది.

గవర్నర్ ఏదైనా చివరికి లోడ్‌బాక్స్ దగ్గరికి తేవాల్సిందే. లోకోని కదపకుండా నిలబెట్టి, జనరేటర్ కరెంటుని రెసిస్టెన్స్‌లోకి పంపి, నాచ్ నాచ్‌కీ ఎంత హార్స్‌పవర్ వస్తోందో, బూస్టర్ ఎంత ఉందో రాసుకుంటాం. కాగితం మీద బాగుందన్న గవర్నర్ ఐదో నాచ్‌లో పొగ వదిలిన రోజులున్నాయి. కారువాళ్లకు దీన్నే డైనో అంటారట.

ఈ మాట మా మేనల్లుడు చెబితే తెలిసింది. వాడు పాత ఆక్టేవియా టర్బో పెట్రోలు కారు కొని, పెద్ద టర్బో వేయించి, ఇప్పుడు ఈసీయూ, అంటే ఇంజనుని నడిపే కంప్యూటర్ డబ్బా, వేటలో ఉన్నాడు. కంపెనీ డబ్బాలోనే మ్యాపు, అంటే పెట్రోలు, నిప్పు లెక్కల పట్టిక, మార్చి రాయడం ఒక దారి. దానికీ సెన్సర్లకీ మధ్య అబద్ధాలాడే చిన్న డబ్బా పెట్టడం రెండోది. అంతా పీకేసి హాల్‌టెక్, లింక్ లాంటి స్టాండలోన్ డబ్బా పెట్టడం మూడోది. చేత్తో టంకం వేసుకునే మెగాస్క్వర్ట్ కూడా ఉందట. బోలింగ్, గ్రిప్పో అని ఇద్దరు అమెరికావాళ్లు 2001 ప్రాంతంలో మొదలెట్టారు. అది నాకు నచ్చింది, వాడికి నచ్చలేదు.

"మావయ్యా, ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పు."

"మ్యాపు రాసేవోడు ఏ ఊర్లో ఉంటాడ్రా?"

"బెంగుళూరు."

"మరి నాక్ కొడితే?"

పెట్రోలు నా విద్య కాదు. మాకు ఒక్క డీజిలే, వాడికి పెట్రోలు, నిప్పు, గాలి, మూడూ గడియారం ప్రకారం పడాలి. బూస్టు ఎక్కువై, మే నెల ఎండకు లోపలి గాలి వేడెక్కితే, స్పార్కు మంట చేరకముందే మిగిలిన పెట్రోలు-గాలి దానంతటదే అంటుకుని కొడుతుంది, అదే నాక్. అది వినే సెన్సర్ ఉండి, విని నిప్పుని వెనక్కి జరిపే తెలివి డబ్బాకి ఉండాలి. 1980ల మొదట్లోనే స్వీడన్ సాబ్ కార్లు నాక్ వినగానే బూస్టు తగ్గించేవి. అంచేత నాక్ కంట్రోలు సరిగా లేని స్టాండలోన్ డబ్బా కంటే, మ్యాపు మార్చిన కంపెనీ డబ్బాయే మేలని చెప్పాను. బూస్టుని అదుపు చేసే వేస్ట్‌గేట్ సోలినాయిడ్‌కి తీగ తెగితే బూస్టు తక్కువవైపు పడేలా గొట్టాలు కలపమన్నాను. కనెక్టర్లు బానెట్ కింద కాకుండా లోపల, సీటు పక్కన పెట్టమన్నాను. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పదని కూడా చెప్పాను. అది మాత్రం వినిపించుకోలేదు.

గాజువాక ఆటోనగర్‌లో స్కానర్ పెట్టుకున్న కుర్రాడొకడు ఆ కారు తప్పులు చదవగలడు, కంపెనీ డబ్బా అయితేనే. మేనల్లుడు ఇంకా తేల్చుకోలేదు. మొన్న ఫోన్ చేసి, డబ్బా కొనే ముందు ఇప్పుడున్నదాన్ని డైనో మీద పెట్టిస్తానన్నాడు. కాగితం తీసుకురా, చదువుదాం అన్నాను. బూస్టు గీత, వేడి గీత, ఆ రెండూ లేకుండా తెస్తే మాత్రం చూడనన్నాను.